మూడు వారాల సెలవు.. ఆరు నెలల పన్ను

ఇంగ్లండ్‌లో తెలుగువాళ్లు నలుగురు కలిస్తే వీసా నిబంధనలు, ఇళ్ల వడ్డీల తర్వాత ఈ మధ్య తప్పకుండా వస్తున్న మాట పళ్ల గురించే. ‘ఎలాగూ ఇండియా వెళ్తున్నాం, పనిలో పని రూట్ కెనాల్ చేయించుకుని వచ్చేస్తాం’ అనే కుటుంబాలు రీడింగ్‌లో మా చుట్టుపక్కలే బోలెడు. దీన్ని నేను తప్పుపట్టను. మా ఇంట్లోనూ అదే చేశాం. అయితే ఈ ప్రయాణం ఎవరికి కలిసొస్తుంది, ఎవరికి బెడిసికొడుతుంది అన్నది ధరల పట్టిక ఒక్కటే చూసి తేల్చలేం.

ముందు ఇక్కడి సంగతి. జీపీ దగ్గర పేరు నమోదైనట్టు డెంటిస్టు దగ్గర శాశ్వత నమోదు ఉండదు. ఆ క్లినిక్‌లో ఎన్‌హెచ్‌ఎస్ కింద చోటుంటేనే చూస్తారు. 2022లో బీబీసీ ఆరా తీస్తే బ్రిటన్‌లో పదింట తొమ్మిది ఎన్‌హెచ్‌ఎస్ డెంటల్ క్లినిక్‌లు పెద్దవాళ్లను కొత్తగా చేర్చుకోవడం లేదని తేలింది. 2024 ఫిబ్రవరిలో బ్రిస్టల్‌లోని సెయింట్ పాల్స్‌లో ఒక క్లినిక్ మళ్లీ తెరుచుకుంటే వందల మంది వీధి పొడవునా బారులు తీరారు. పోలీసులు కూడా రావలసి వచ్చింది. రేషన్ షాపు క్యూలు చూసి పెరిగిన మనకే అది వింతగా తోచింది.

డెంటిస్టులు లేకపోవడం ఒక్కటే దీనికి కారణం కాదు. 2006 నాటి కాంట్రాక్టు ప్రకారం డెంటిస్టుకు డబ్బులు యూనిట్ల లెక్కన వస్తాయి. ఒక పన్ను నింపినా, ఆరు నింపినా అవే మూడు యూనిట్లు. 2022 నవంబరులో దీన్ని కొంత సవరించారు. అయినా నోరు బాగా పాడైన రోగి వస్తే డెంటిస్టుకు చేతి చమురు వదిలే పరిస్థితి పోలేదు. అందుకే చాలామంది ప్రైవేటు వైపు జరిగిపోతున్నారు. లేబర్ ప్రభుత్వం ఏడాదికి 7 లక్షల అదనపు అత్యవసర అపాయింట్‌మెంట్లు ఇస్తామంది. అవి నొప్పితో వచ్చేవాళ్లకు. పోయిన పన్ను స్థానంలో కొత్తది కావాలనుకునేవాళ్లకు కాదు.

ఇందులో మనవాళ్లకు సూటిగా తగిలే ముల్లు మరొకటుంది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో బీడీఎస్ చదివి, డిపెండెంట్ వీసాపై వచ్చిన అమ్మాయిలు ఇక్కడ ఓవర్సీస్ రిజిస్ట్రేషన్ ఎగ్జామ్ సీటు కోసం ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్నారు. ఆ వరుసలో ప్రపంచ దేశాల నుంచి వచ్చినవాళ్లు వేలల్లో ఉన్నారు. చాలామంది డెంటల్ నర్సులుగా పనిచేస్తున్నారు. రోగులేమో విమానమెక్కి ఇండియా డాక్టర్ల దగ్గరికి వెళ్తున్నారు, ఇండియా డాక్టర్లేమో ఇక్కడ పక్కన నిలబడి ట్రే అందిస్తున్నారు! వీసాపై ఉన్న పెద్దవాళ్లం తలకు ఏడాదికి 1,035 పౌండ్ల హెల్త్ సర్‌చార్జి కడుతున్నాం. పళ్ల దగ్గరికొచ్చేసరికి మళ్లీ విడిగా బిల్లు.

ఇక డబ్బు లెక్క. ఇంగ్లండ్‌లో 2025 ఏప్రిల్‌లో ఎన్‌హెచ్‌ఎస్ మూడో బ్యాండు చార్జి 326.70 పౌండ్లు అయింది. ఒకే విడత చికిత్సలో రూట్ కెనాల్, దానిపై క్రౌన్ రెండూ అందులోనే వచ్చేస్తాయి. అంటే ఎన్‌హెచ్‌ఎస్ చోటు దొరికినవాళ్లు ఒక్క క్రౌన్ కోసం హైదరాబాద్ వెళ్లడం శుద్ధ దండగ, టికెట్టే అంతకు మించుతుంది. చోటు దొరకనివాళ్ల మాట వేరు. ఇంప్లాంట్ల మాట మరీ వేరు, వాటిని ఎన్‌హెచ్‌ఎస్ మామూలుగా ఇవ్వదు. ఇక్కడ ప్రైవేటులో ఒక్కోటి రెండు వేల పౌండ్ల పైమాటే. మన దగ్గర మంచి కంపెనీది వేసినా అందులో నాలుగో వంతుకే అయిపోతుంది. చేసే చేతి నైపుణ్యంలోనూ మనవాళ్లు తీసిపోరు.

చిక్కంతా రోజుల దగ్గరే. దవడ ఎముకలో బిగించిన స్క్రూ చుట్టూ ఎముక పట్టుకోవడానికి మామూలుగా మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. ఆ తర్వాతే దానిపై పన్ను. వెంటనే పన్ను పెట్టే పద్ధతీ ఉంది గానీ, అది ఎముక దిట్టంగా ఉన్న కొందరికే. షుగర్ అదుపులో లేనివాళ్లకు, చిగుళ్ల జబ్బు ఉన్నవాళ్లకు అసలే తొందర పనికిరాదు. మన ఇళ్లలో యాభై దాటినవాళ్లలో ఈ రెండూ లేనివాళ్లెందరు? పై దవడలో సైనస్ దగ్గర ఎముక పెంచితే కొన్ని వారాలు విమానం ఎక్కొద్దంటారు. మనకేమో రిటర్న్ టికెట్ ముందే బుక్కయి ఉంటుంది.

స్లౌలో ఉండే మిత్రుడొకరు 19 రోజుల సెలవులో రెండు ఇంప్లాంట్లు, వాటిపై క్రౌన్లు కూడా పెట్టించుకుని వచ్చారు. ఐదో నెలలో ఒకటి కదిలింది. ఇక్కడ ఇద్దరు డెంటిస్టులు చేయి పెట్టం అనేశారు. మూడో ఆయన ఏ కంపెనీ, ఏ సైజు అని అడిగారు. మిత్రుడి దగ్గరున్న బిల్లుపై ‘ఇంప్లాంట్ - 2’ అని మాత్రమే ఉంది. స్ట్రామన్, నోబెల్ బయోకేర్, ఆస్టెమ్.. కంపెనీని బట్టి లోపలి స్క్రూ, దాన్ని విప్పే సాధనం మారిపోతాయి. ఆ వివరం లేకుండా ఎవరూ ధైర్యం చేయరు. ట్రావెల్ ఇన్సూరెన్సు సాధారణంగా ముందే అనుకుని చేయించుకున్న చికిత్సకు వర్తించదు. చివరికి ఆయన అదే పన్ను కోసం మళ్లీ టికెట్ కొన్నారు.

మా ఆవిడకు గుంటూరులో చేయించినప్పుడు బడి సెలవుల్నే ఆధారం చేసుకున్నాం. జూలై ఆఖరులో పిల్లల సెలవులు మొదలవగానే వెళ్లి స్క్రూ వేయించాం. క్రిస్మస్, సంక్రాంతి కలిసొచ్చేలా మళ్లీ వెళ్లి పన్ను పెట్టించాం. స్కాన్లు ముందే పంపి, ఎముక సరిపోతుందో లేదో ఇక్కడి నుంచే కనుక్కున్నాం. స్క్రూ పెట్టెపై ఉండే స్టిక్కర్, లాట్ నంబరుతో సహా, ఫైల్లో అంటించి తెచ్చుకున్నాం. రూట్ కెనాల్, క్రౌన్ అయితే ఇంత హడావిడి అక్కర్లేదు. మొదటి వారంలోనే మొదలుపెడితే మూడు వారాల్లో హాయిగా పూర్తవుతుంది. పెళ్లిళ్లు, తీర్థయాత్రలు అయ్యాక చివరి నాలుగు రోజుల్లో చూసుకుందాం అనుకుంటేనే తంటా.

పెళ్లికి ముందు ‘స్మైల్ మేకోవర్’ పేరిట కొత్త మోజొకటి మొదలైంది. టర్కీ ప్యాకేజీలు ఇక్కడి కుర్రకారుకు నేర్పిన విద్య ఇది. ఆరోగ్యంగా ఉన్న పళ్లను అరగదీసి వరసగా క్రౌన్లు తొడిగేస్తారు. బ్రిటిష్ డెంటల్ అసోసియేషన్ దీనిపై హెచ్చరిస్తూనే ఉంది. అరగదీసిన పన్ను మళ్లీ రాదు. క్రౌన్ పది పదిహేనేళ్లు నిలిస్తే గొప్ప. ఇరవై ఎనిమిదేళ్లకు తొడిగించుకున్నవాళ్లు జీవితంలో ఎన్నిసార్లు మార్పించుకోవాలో వేలు మడిచి లెక్కేసుకోవచ్చు. పళ్ల వంకర సరిచేయడమే కావలిస్తే క్లిప్పులున్నాయి. ఏడాదో, రెండేళ్లో పడుతుంది, అంతే.

పిల్లల పళ్లకు మాత్రం ఇండియా వరకూ ఆగకండి. ఇంగ్లండ్‌లో 18 ఏళ్లలోపు వారికి, గర్భిణులకు, కాన్పయ్యాక ఏడాది వరకూ తల్లులకు ఎన్‌హెచ్‌ఎస్ దంతవైద్యం ఉచితం. పెద్దవాళ్లకు తలుపు మూసిన క్లినిక్‌లు కూడా కొన్ని పిల్లల్ని చేర్చుకుంటున్నాయి. ఫోన్ చేసినప్పుడు పిల్లలకోసమని విడిగా అడగండి.