నాటకమునకు మెడగుడ్డ

గత వార్షికోత్సవమునకు విలియం కేరీగారి చరిత్రను బాలురచే నాడింప నిశ్చయించినప్పుడు, దొరల వేషము వేయువారందఱును ఇంటినుండి టై తెచ్చుకొనిన చాలునని కొందఱు పెద్దలు సెలవిచ్చిరి. మే మందుల కొప్పుకొనలేదు. అట్లయిన టై లేని యింటి బాలునకు పాత్రయే దక్కదు. అదియునుగాక ఆ వేషము అసత్యము. కేరీగారు 1793లో వంగదేశమునకు వచ్చి 1834లో సేరంపూరున ప్రభువునందు నిద్రించిరి. నేటి పొడవైన టై ఆ శతాబ్దపు ఉత్తరార్ధమునగాని వ్యాపింపలేదు. 1814లో మన తెలుగునకు వ్యాకరణమును ప్రకటించిన మహనీయునికి, ఆయన కంట బడని వస్తువును తగిలింతుమా?

ఆ కాలపువారు మెడకు చుట్టుకొనినది తెల్లని సన్నబట్ట. దానిని క్రావట్ అందురు. 17వ శతాబ్దమున ఫ్రాన్సు రాజుకొలువున నున్న క్రొయేషియా సైనికుల మెడగుడ్డలనుబట్టి ఆ పేరు గలిగినది.

దీనికి పాత మల్లుధోవతి చాలును. 45 అంగుళముల వెడల్పుగల బట్టను రెండు గజముల పొడవున తీసికొని, 9 అంగుళముల చొప్పున చీల్చిన ఐదు పట్టీలగును. అంచులను సన్నగా చుట్టి దగ్గఱ దగ్గఱగా కుట్టి, పలుచని గంజి పెట్టవలెను. మేము మొదట చిక్కని గంజి పెట్టితిమి. పాపము, ఆ బాలుడు మెడ త్రిప్పలేక కొయ్యబొమ్మవలె నిలుచుండి పాఠమప్పగించెను!

కట్టునప్పుడు పట్టీని వెడల్పున సగమునకు మడిచి, నడిమి భాగమును కంఠము ముందుంచి, కొనలను వెనుకకు గొనిపోయి, అచ్చట ఒకదానిపై నొకటి మార్చి, మరల ముందునకు దెచ్చి, ఒక ముడివేసి, మీదికొనను క్రిందికి జారవిడువవలెను. బట్టకును మెడకును నడుమ రెండువ్రేళ్లు దూరవలెను. చిన్నవారి విషయమున దీనిని మఱువరాదు.

మగపిల్లలకు సూదిపని యేలయని ఒక తండ్రిగారు మమ్మడిగిరి. కేరీగారు యౌవనమున చెప్పులు కుట్టి జీవించినవారే గదా యని మనవి చేసితిమి. వారు నవ్విరేగాని సమ్మతించినట్లు తోపలేదు. వారి కుమారుడుమాత్రము మూడు పట్టీలు కుట్టెను; మొదటిదాని కుట్లు వంకరటింకరలు, మూడవదానివి మావానికంటె మేలు.

రాబోవు నాటకమునకు టైలు కొనవలదని తలిదండ్రులను ప్రార్థించుచున్నాము. చిరిగిన ధోవతులున్నయెడల ఉదికించి పంపుడు. జరీయంచువి మాత్రము వలదు.