ప్రతిజ్ఞలో లేని మాట

చైనా యుద్ధం జరిగిన 1962లో విశాఖపట్నంలో జిల్లా ఖజానా అధికారిగా ఉన్న ఒకాయన, బడిపిల్లలు రోజూ చదువుకునేందుకు కొన్ని వాక్యాలు తెలుగులో రాశారు. ఆయన పేరు పైడిమర్రి వెంకట సుబ్బారావు. పుట్టింది నల్లగొండ జిల్లా అన్నెపర్తిలో. ఆ కాగితం విశాఖ నాయకుడు తెన్నేటి విశ్వనాథం గారి చొరవతో అప్పటి రాష్ట్ర విద్యామంత్రి పి.వి.జి. రాజు గారికి చేరింది. 1963లో విశాఖలోని ఒక బడిలో పిల్లలు దాన్ని తొలిసారి చదివారు. 1965 జనవరి 26 నుంచి దేశమంతటి బడుల్లోనూ అదే జాతీయ ప్రతిజ్ఞ అయింది. తన మాటలు అంత దూరం వెళ్ళాయని రాసినాయనకే చాలాకాలం తెలియదనీ, మనవరాలు పాఠ్యపుస్తకం తీసి చదువుతుంటే విని తెలుసుకున్నారనీ చెబుతారు.

చెయ్యి చాచి ఆ మాటలు పలకని తెలుగువాళ్ళు మనలో అరుదు. ఒక్కసారి మళ్ళీ మనసులో చదువుకుని చూడండి. యుద్ధం వేడిలో పుట్టిన ఆ ప్రతిజ్ఞలో చైనా ఊసు లేదు. శత్రువు అన్న మాటే లేదు. తోటివాళ్ళు తోబుట్టువులనీ, పెద్దలను గౌరవించాలనీ, మూగజీవాల మీద దయ ఉంచాలనీ ఉంది. పొరుగుదేశం మీదికి వచ్చినప్పుడు ఒక ఖజానా ఉద్యోగికి పిల్లలతో చెప్పించాలనిపించిన మాటలివి! దేశభక్తి మీద తెలుగులో వచ్చిన రచనల్లో మేము దీన్నే అన్నిటికంటే ఎత్తున పెడతాం.

ఆ రోజుల్లో జనం ఇచ్చింది తక్కువేమీ కాదు. రక్షణ నిధికి ఆడవాళ్ళు ఒంటిమీది నగలు తీసి ఇచ్చారు. 1965లో పాకిస్తాన్‌తో యుద్ధం, దానికి తోడు తిండిగింజల కరువు వచ్చినప్పుడు, ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి గారు వారానికి ఒక పూట మానుకోమంటే సోమవారం రాత్రి ఎన్నో ఇళ్ళలో పొయ్యి వెలిగించలేదు. ఆ ఏడాదే నిజాం ఐదు టన్నుల బంగారం దానం చేశారన్న కథ హైదరాబాదులో ఇప్పటికీ వినిపిస్తుంది. నిజానికి ఆయన 425 కిలోల బంగారాన్ని ఆరున్నర శాతం వడ్డీ వచ్చే బాండ్లలో పెట్టారు. ఆపదలో దేశానికి అప్పిచ్చినా ఆదుకున్నట్టే. ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పుకుంటే ఆయన గౌరవానికి వచ్చే లోటేమీ లేదు.

మనం చెప్పుకోనిది వేరే ఉంది. 1962 చైనా యుద్ధకాలంలోనే అస్సాంలోని మాకుం నుంచి, షిల్లాంగ్ నుంచి, డార్జిలింగ్ కొండల నుంచి చైనా మూలాలున్న సుమారు 3,000 మందిని రైళ్ళెక్కించి రాజస్థాన్‌లోని దేవలీ శిబిరానికి తరలించారు. ఆ ప్రయాణం దాదాపు వారం. ముసలివాళ్ళు, గర్భిణులు, చంటిపిల్లలు కూడా అందులో ఉన్నారు. మాకుం వాళ్ళ తాతముత్తాతలు పంతొమ్మిదో శతాబ్దంలో తేయాకు తోటల పనికి వచ్చి, ఇక్కడి ఆడపిల్లలను పెళ్ళాడి, ఇక్కడే మట్టిలో కలిసినవాళ్ళు. పిల్లలకు అస్సామీ వచ్చు, హిందీ వచ్చు, చైనా ఎలా ఉంటుందో తెలియదు. గూఢచర్యం చేశారని కోర్టులో నిరూపించింది లేదు. ముఖం చూసి పట్టుకెళ్ళారు, అంతే. శిబిరంలోనే పుట్టిన పిల్లలున్నారు. కొందరికి 1967 దాకా విడుదల లేదు. మద్రాసు రేవులో ఓడలెక్కి, ఎన్నడూ చూడని చైనాకు వెళ్ళిపోయినవాళ్ళు ఎందరో ఉన్నారు. తిరిగి ఊరు చేరినవాళ్ళలో చాలామందికి ఇల్లూ దుకాణమూ దక్కలేదు. వేలంలో ఎవరో కొనుక్కున్నారు.

1941లో జయప్రకాశ్ నారాయణ్‌ను బ్రిటిష్ ప్రభుత్వం నిర్బంధించింది కూడా ఈ దేవలీలోనే. విచారణ లేకుండా మనిషిని బంధించడం ఎంత అన్యాయమో మన నాయకులకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. వాళ్ళలో చాలామంది స్వయంగా అనుభవించినవాళ్ళే. అయినా జరిగింది. ఆ రైళ్ళు కదిలినప్పుడు ఇరుగుపొరుగు వాళ్ళు నోరు మెదపలేదన్నది మమ్మల్ని ఇప్పటికీ కలచివేస్తుంది. చైనా సైన్యానికి ఈ మూడు వేల మందితో వచ్చిన లాభం లేదు, నష్టమూ లేదు. పోయినవాళ్ళు మన మనుషులు.

అరవై ఏళ్ళనాటి మాట ఇప్పుడెందుకని అడగవచ్చు. 2025 మే నెలలో పాకిస్తాన్ సరిహద్దులో కాల్పులు జరుగుతున్నప్పుడు, హైదరాబాదు శివారు శంషాబాద్‌లో కరాచీ బేకరీ శాఖ మీద కొందరు దాడి చేశారు. దేశ విభజనప్పుడు సర్వం వదులుకుని ఇక్కడికి వచ్చిన సింధీ హిందూ కుటుంబం 1953లో పెట్టిన సంస్థ అది. పోగొట్టుకున్న ఊరి పేరును బోర్డు మీద పెట్టుకున్నారు. ఆ పేరు తీసెయ్యమని వాళ్ళనే బెదిరించారు. పాకిస్తాన్‌కు దీనివల్ల ఒక్క గోధుమ గింజ నష్టమైనా కలిగిందా?

పరాయి దేశం మన మీద పగబట్టినప్పుడు కోపం రావడం సహజం. రాకపోతే మనిషే కాదు. ఆ కోపం సరిహద్దు దాకా వెళ్ళలేక పక్కింటి తలుపు తట్టినప్పుడు అడ్డం నిలబడవలసింది మనమే. సుబ్బారావు గారు మన చేత చిన్నప్పుడు ఒట్టు వేయించుకున్నది దానికోసమే.

దేవలీ నుంచి బతికి బయటపడ్డవాళ్ళలో కొందరు ఇప్పుడు కెనడాలో ఉన్నారు. వయసు మీదపడింది. భారత ప్రభుత్వం ఒక్కసారి క్షమించమని అడిగితే చాలని వాళ్ళు ఏళ్ళుగా కోరుతున్నారు. ఇంతవరకు ఎవరూ అడగలేదు.