కారం చూసి సీసా తెప్పించాలి

కేప్‌టౌన్‌లో ఓ మోస్తరు రెస్టారెంట్‌లో రాత్రి భోజనానికి కూర్చుంటే తిండి మెనూ కంటే వైన్ల జాబితా లావుగా ఉంటుంది. స్టెలెన్‌బాష్, పార్ల్, ఫ్రాన్ష్‌హుక్ తోటలు ఊరికి గంట ప్రయాణంలోనే ఉన్నప్పుడు అలా ఉండక మానదు. ఇండియా నుంచి వెళ్లిన అతిథి ఆ జాబితాను పైనుంచి కింది దాకా చూసి, చివరికి ధరల వరుస దగ్గర ఆగుతాడు. వెంట వచ్చినవారి ముందు చిన్నబోకూడదు కదా. ఖరీదైన కాబెర్నే సావిన్యో సీసా ఒకటి తెప్పిస్తాడు. ఏం తినాలన్న ఆలోచన ఆ తర్వాత వస్తుంది. కేప్ దాకా వచ్చి బొబోటి రుచి చూడకపోతే ఎలా అని దాన్ని చెబుతాడు. పావుగంటలో నాలుక మండుతుంది, వైన్ చేదెక్కుతుంది. బిల్లు చూశాక మంట ఇంకాస్త పెరుగుతుంది.

ఇందులో వంటవాడి తప్పు లేదు, సీసా తప్పూ లేదు. వరుస తిరగబడింది, అంతే.

వైన్ గురించి మాట్లాడేవారు టానిన్ అనే మాట తెగ వాడతారు. తెలుగు నాలుకకు అదేం కొత్త కాదు. లేత జామపిందె కొరికినా, మరిగి మరిగి నల్లబడిన టీ తాగినా నోరు పట్టేసినట్టుంటుందే, ఆ వగరే అది. ద్రాక్ష తొక్క, గింజల నుంచి, కొంత ఓక్ పీపాల నుంచి ఎర్ర వైన్‌లోకి దిగుతుంది. కొవ్వు పట్టిన మాంసంతో కలిస్తే మెత్తబడుతుంది. మిరపకారం తగిలితే మాత్రం గరుకుదేలుతుంది. పైగా కేప్ ఎర్ర వైన్లలో 14 శాతం ఆల్కహాల్ మామూలు సంగతి. ఆల్కహాల్ ఎక్కువైన కొద్దీ కారం మరింత మండుతుంది. మాంసానికి ఎర్ర వైన్, చేపకు తెల్ల వైన్ అనే సూత్రం యూరప్ వంటింట్లో పుట్టింది. అక్కడ మాంసమంటే ఉప్పు, మిరియాలు, కాస్త వెన్న. కేప్ వంటకు ఆ లెక్క సరిపోదు.

ఎందుకు సరిపోదన్నది చరిత్రలో ఉంది. యాన్ వాన్ రీబెక్ 1652లో డచ్ ఈస్టిండియా కంపెనీ తరఫున కేప్‌లో దిగింది వైన్ కోసం కాదు, ఆసియాకు వెళ్లే ఓడలకు కూరగాయలు, మంచినీళ్లు అందించడానికి. 1655లో ద్రాక్ష తీగలు నాటించాడు. 1659 ఫిబ్రవరి 2న తొలి వైన్ తీసినట్టు దినచర్యలో రాసుకున్నాడు. తోటలకూ వంటిళ్లకూ మనుషులు కావలసి వచ్చారు. వారినీ ఓడలే తెచ్చాయి. 1652 నుంచి 1808 వరకు దాదాపు 63 వేల మందిని కేప్‌కు బానిసలుగా తరలించారని, వారిలో సుమారు నాలుగో వంతు భారత ఉపఖండం వారని చరిత్రకారుల అంచనా. మిగిలినవారు ఇండోనేసియా దీవులు, మడగాస్కర్, ఆఫ్రికా ప్రాంతాలవారు. వారి సొంత పేర్లు పోయాయి. ఊరి పేరే ఇంటి పేరైంది. రికార్డుల్లో ఫలానా వాన్ బెంగాలెన్, ఫలానా వాన్ మలబార్, ఫలానా వాన్ కోరమాండల్ అని కనిపిస్తారు. పులికాట్, మచిలీపట్నాల్లో డచ్చివారు స్థావరాలు పెట్టుకుని వ్యాపారం చేసిన రోజులవి.

ఆ చేతులే కేప్ మలే వంటను తయారుచేశాయి. బొబోటి అంటే మసాలా వేసి, ఎండుద్రాక్షో ఆప్రికాట్ జామో కలిపి వండిన కీమా. పైన గుడ్డు, పాలు గిలకొట్టి పోసి, ఆకులు గుచ్చి ఓవెన్‌లో పెడతారు. పక్కన పసుపు కలిపిన అన్నం, పుల్లతీపి చట్నీ వడ్డిస్తారు. సమోసాను సమూసా అంటారు, ఊరగాయ పేరు అచ్చార్. ఈ వంటకు పుట్టిల్లయిన బో కాప్ పేటలో చాలా హోటళ్లు వైన్ ఇవ్వవు, నడిపేది ముస్లింలు కాబట్టి. ఈ రుచికి సీసా జత కుదర్చాల్సిన పని ఊళ్లోని మిగతా రెస్టారెంట్లలోనే పడుతుంది.

ఆ సీసా సాధారణంగా ఖరీదైన పేజీలో ఉండదు. దాని పేరు షెనిన్ బ్లాంక్. దక్షిణాఫ్రికాలో అన్నిటికంటే ఎక్కువ విస్తీర్ణంలో పండే ద్రాక్ష ఇదే. చాలాకాలం దాన్ని స్టీన్ అనే స్థానిక రకమనుకున్నారు. ఫ్రాన్స్‌లో లువార్ నది లోయ షెనిన్ ఇదేనని 1960ల్లో తేలింది. అప్పటికీ ఆ తర్వాత చాలా ఏళ్లూ బ్రాందీ బట్టీలకూ చవక వైన్లకూ పోయిన పంట ఇది. ఇండియాలో వైన్ తాగేవారికీ అపరిచితం కాదు. నాసిక్‌లో సులా సంస్థ 2000లో తొలిసారి అమ్మిన వైన్లలో షెనిన్ ఒకటి. ఇంట్లో రోజూ కనిపించే మనిషిని పరాయి ఊళ్లో పట్టించుకోనట్టు, కేప్ జాబితాలో దాన్ని దాటి వెళ్లిపోతారు.

షెనిన్‌లో పులుపు బాగా ఉంటుంది కానీ గుచ్చదు. పండిన జామ, పైనాపిల్ వాసన, కాస్త ముదిరితే తేనె ఛాయ. వగరు లేనట్టే. కారంతో పేచీ పెట్టుకోదు. ఒక్క జాగ్రత్త మాత్రం కావాలి. జాబితాలో షెనిన్ అని రాసినవన్నీ ఒకటి కాదు. పీపా తగలకుండా తాజాగా సీసాలోకి దించినది ఒక రకం, ఓక్ పీపాలో నెలల తరబడి ఉంచిన చిక్కనిది ఒక రకం, కొద్దిగా తీపి మిగిల్చినది మరో రకం. బొబోటికి మూడోది కావాలి. కూరలోనే పళ్ల తీపి ఉంది కాబట్టి తీపి అసలు లేని వైన్ దాని పక్కన పుల్లటి నీళ్లలా తేలిపోతుంది. పాయసం తిన్నాక నారింజ తొన పుల్లగా తోచినట్టే. చిక్కటి రకాన్ని గుమ్మడికాయ సూప్‌కు, వెన్నలో వేయించిన చేపకు, కోడికూరకు అట్టిపెట్టుకోవాలి. శాకాహారులకు చాలాచోట్ల పప్పుతో చేసిన బొబోటి దొరుకుతుంది. దానికీ తీపి షెనినే.

పాత తోటల షెనిన్‌కు కొంచెం ఎక్కువ ఇవ్వడం దండగ కాదు. స్వార్ట్‌లాండ్ ప్రాంతంలో పందిరి లేకుండా పొదల్లా పెరిగే పాత తీగలు కాసేది తక్కువ, రుచి చిక్కన. లాభం లేదని రైతులు పీకేస్తుండటంతో వాటిని నిలబెట్టడానికి 2016లో ఓల్డ్ వైన్ ప్రాజెక్ట్ మొదలైంది. 35 ఏళ్లు దాటిన తోటల వైన్‌కు, తీగ నాటిన సంవత్సరంతో సహా, సీసా మెడ మీద ముద్ర వేస్తారు. వైన్ తయారైన ఏడాది కాక తీగ పుట్టిన ఏడాది సీసా మీద కనిపించడం అరుదైన సంగతి.

మిగతా భోజనం తేలిక. సమూసా, వేపుళ్లతో మొదలుపెడితే బుడగల వైన్ తెప్పించాలి. దాని పులుపు, నురగ నూనెను కడిగేస్తాయి. షాంపేన్ పేరు ఫ్రాన్స్ వారి సొత్తు కాబట్టి కేప్‌లో దాన్ని మెథోడ్ కాప్ క్లాసీక్ అంటారు, జాబితాలో ఎంసీసీ. సిమోన్సిగ్ తోటలో 1971లో మొదలైంది. 1994లో నెల్సన్ మండేలా అధ్యక్షుడిగా ప్రమాణం చేసినప్పుడు అతిథులకు పోసింది గ్రాహమ్ బెక్ వారి ఎంసీసీ. ఆయిస్టర్లకు, నిమ్మరసం పిండిన చేపకు కాన్‌స్టాన్షియా లేదా ఎల్గిన్ సావిన్యో బ్లాంక్ చాలు. దాని పచ్చిగడ్డి వాసన కొందరికే నచ్చుతుంది.

ఖరీదైన ఎర్ర సీసాకు చోటే లేదా అంటే ఉంది. కరూ గొర్రెపిల్ల మాంసాన్ని మసాలా పెద్దగా లేకుండా కాల్చి తెచ్చినప్పుడు స్టెలెన్‌బాష్ కాబెర్నే తన విలువ చూపిస్తుంది. మిరియాల వాసన వేసే స్వార్ట్‌లాండ్ షిరాజ్ కూడా. నిప్పుల మీద కాల్చిన మాంసం, అక్కడివారి భాషలో బ్రాయ్, అయితే పినోటాజ్.

పినోటాజ్ దక్షిణాఫ్రికా సొంత బిడ్డ. ఏబ్రహామ్ పెరోల్డ్ అనే ఆచార్యుడు 1925లో పినో న్వార్, సాన్సో రకాలను సంకరం చేశాడు. చేతికొచ్చిన నాలుగు గింజల్ని విశ్వవిద్యాలయం ఇంటి పెరట్లో నాటి, ఉద్యోగం మారి వెళ్లిపోయాడు. పిచ్చిమొక్కలు పెరిగిన పెరటిని పనివాళ్లు చదును చేస్తుంటే, అటు వెళ్తున్న యువ అధ్యాపకుడు నీహౌస్ ఆ మొలకల్ని గుర్తుపట్టి కాపాడాడు. పినోటాజ్ పేరుతో తొలి సీసా అమ్మకానికి వచ్చింది 1961లో. మధ్యలో దానికి చెడ్డపేరూ వచ్చింది. సరిగ్గా చేయకపోతే గోళ్ల రంగు వాసన వేస్తుంది మరి. జాగ్రత్తగా చేసిన కేనన్‌కాప్ వంటి తోటల పినోటాజ్ తాగినవారు ఆ మాట అనరు. కాఫీ, చాక్లెట్ వాసనలతో వచ్చే పినోటాజ్ కూడా ఉంది. అది వైన్ కంటే మిఠాయికి దగ్గర, భోజనంతో నప్పదు.

కేప్ మసాలా తీపి వైపు మొగ్గితే, దేశానికి అటు చివరనున్న డర్బన్ కూర పచ్చి కారం. 1860 నవంబర్‌లో ట్రూరో ఓడ మద్రాసు నుంచి తొలి ఒప్పంద కూలీలను నటాల్‌కు చేర్చింది. ఆ వలసలో తమిళులతో పాటు తెలుగువారూ చెరకు తోటలకు వెళ్లారు. వారి వారసులు 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. అక్కడ రొట్టె డొల్లలో మటన్ కూర నింపి ఇచ్చే బన్నీ చౌకు ఏ ఎర్ర వైనూ ఆగదు. బాగా చల్లబరిచిన రోజే, లేకపోతే తీపి మిగిల్చిన రీస్లింగ్ పనికొస్తాయి. బీరే నయమని డర్బన్ వారంటే వాదన అనవసరం.

ఏ జాబితాలోనూ అచ్చు కాని సంగతి ఒకటుంది. కేప్ తోటల్లో కూలీలకు జీతంలో కొంత భాగం వైన్‌గానే, రోజుకు కొన్నిసార్లు గ్లాసుల లెక్కన పోసేవారు. దాన్ని డాప్ పద్ధతి అంటారు. బానిసత్వం పోయినా ఇది పోలేదు. 1960ల్లో చట్టం వద్దన్నా దశాబ్దాల పాటు చాటుగా సాగింది. గర్భిణుల తాగుడు వల్ల పుట్టుకతోనే లోపాలున్న పిల్లల సంఖ్యలో ఈ ప్రాంతం నేటికీ ప్రపంచంలో ముందు వరుసలో ఉంది. 2012 నవంబర్‌లో డి డోర్న్స్ తోటల్లో సమ్మె మొదలై మిగతా ఊళ్లకు పాకినప్పుడు కనీస రోజు కూలీ 69 రాండ్లు. 2013లో అది 105 రాండ్లయింది. రెస్టారెంట్‌లో మంచి సీసా ఒకటి తెప్పిస్తే అది ఒక మనిషికి కొన్ని రోజుల కూలీ అన్నమాట.

సీసా ఎంచేటప్పుడు ఈ విషయం గుర్తుంటే తప్పులేదు. కూలీల పరిస్థితులు తనిఖీ చేయడానికి వీటా అనే సంస్థ 2002లో ఏర్పడింది, దాని ముద్ర కొన్ని సీసాల మీద ఉంటుంది. కూలీలకు వాటా ఉన్న తాండీ వైన్‌కు 2003లో ఫెయిర్‌ట్రేడ్ గుర్తింపు వచ్చింది. క్వాజులు నటాల్ పల్లె నుంచి స్కాలర్‌షిప్ మీద స్టెలెన్‌బాష్ వచ్చి, ఆఫ్రికాన్స్ భాష రాకుండానే ఆ భాషలో పాఠాలు విని, దేశంలో వైన్ తయారుచేసిన తొలి నల్లజాతి మహిళగా పేరు తెచ్చుకున్న న్‌ట్సికీ బియేలా తన వైన్లకు అమ్మమ్మ పేరు అస్లీనా అని పెట్టుకుంది. ముద్ర ఉన్నంత మాత్రాన తోటలో అంతా సవ్యంగా ఉన్నట్టు కాదు. అయినా ఒకే ధరకు రెండు షెనిన్లు పక్కపక్కన కనిపిస్తే ఎటు మొగ్గాలో తేల్చుకోవడానికి అది చాలు.

ఇక బల్ల దగ్గర పాటించాల్సినవి కొన్ని. ఏం తింటున్నారో ముందు చెప్పి, తర్వాత వైన్ అడిగితే వెయిటర్‌కు పని సులువు. నలుగురు నాలుగు రకాలు తింటుంటే ఒకే సీసా కంటే గ్లాసుల లెక్కన తెప్పించడం మేలు. చాలాచోట్ల సొంత సీసా తెచ్చుకోనిస్తారు, మూత తీసినందుకు రుసుం తీసుకుంటారు. జాబితా ధర దుకాణం ధరకు రెండు మూడు రెట్లుంటుంది కాబట్టి ఇది కలిసొచ్చే బేరమే. ఫోన్ చేసి కనుక్కుని వెళ్లాలి. డిసెంబర్, జనవరి అక్కడ మండు వేసవి. గది వేడికి ఎర్ర వైన్ కషాయమవుతుంది. పది నిమిషాలు ఐస్ బకెట్‌లో పెట్టమనడానికి మొహమాటపడనక్కర్లేదు.

చివరికి మిగిలేది తీపి. కాన్‌స్టాన్షియా తోటను 1685లో పెట్టిన గవర్నర్ సైమన్ వాన్ డెర్ స్టెల్‌కు అమ్మమ్మ గోవా తీరపు భారతీయురాలు, బానిసత్వం నుంచి విడుదలైన మనిషి. ఆ తోటల తీపి వైన్ యూరప్ రాజులకు వెళ్లింది, సెయింట్ హెలెనా దీవిలో బందీగా ఉన్న నెపోలియన్‌కూ వెళ్లింది. 19వ శతాబ్దం చివర తీగలకు తెగులు పట్టి అంతరించిన ఆ వైన్‌ను క్లైన్ కాన్‌స్టాన్షియా వారు 1986 పంటతో మళ్లీ చేశారు. పేరు వాన్ డి కాన్‌స్టాన్స్. మస్కట్ ద్రాక్ష తీగ మీదే వడలాక కోసి చేస్తారు. నారింజ తొక్క, తేనె, కాస్త అల్లం వాసన. వెయిటర్లు దీన్ని మాల్వా పుడ్డింగ్‌తో తాగమంటారు. వేడి వేడి పంచదార పాకం, మీగడ పీల్చుకున్న కేక్ అది. దాని ముందు ఇంత గొప్ప వైన్ కూడా పుల్లబడుతుంది. అందుకే ముందు నీలి చీజ్ ముక్కతో ఒక చిన్న గ్లాసు వైన్ తాగి, పుడ్డింగ్‌ను తర్వాత కాఫీతో చెప్పుకోవాలి.