తొక్కు... పట్టుకో... వదులు!

మా పాత కారు క్లచ్ పెడల్ మెత్తబడింది, గేరు పడనంది. గొట్టంలో గాలి చేరితే అంతే. ఫ్లూయిడ్ అణగదు, గాలి అణుగుతుంది. కాలి బలం క్లచ్‌కి చేరదు.

జి.పి. రోడ్డులో సీలు తీయని డాట్ 3 డబ్బా కొన్నాను. ఆ ఫ్లూయిడ్ తేమ పీల్చుకుంటుంది; మన చెన్నై గాలి సంగతి మీకు తెలుసుగా!

పదో తరగతి చదివే మా అమ్మాయి పెడల్ తొక్కింది. నేను కింద స్లేవ్ సిలిండర్ నిపుల్ సడలించగానే ట్యూబులో బుడగలొచ్చాయి. బిగించేదాకా "వదలకు" అన్నాను. తను "వదులు" అనుకుని కాలు తీసేసింది! గాలి మళ్ళీ లోపలికి.

తప్పు నాదే. ఇంట్లో తెలుగు తగ్గించింది మేమేగా! ఇక మూడే మాటలు అనుకున్నాం: తొక్కు, పట్టుకో, వదులు. పైడబ్బాలో ఫ్లూయిడ్ తగ్గకుండా పోస్తూ, బుడగలు ఆగేదాకా చేశాం. పెడల్ గట్టిపడింది. ఆ మూడు మాటలూ తనకి గట్టిపడ్డాయి.