చిత్తడిని కొన్న వేటగాళ్లు

అమెరికా, కెనడాల్లో 1970 నుంచి దాదాపు 290 కోట్ల పక్షులు తగ్గిపోయాయని 2019లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన అధ్యయనం లెక్కగట్టింది. పచ్చిక బయళ్ల పక్షులు, పిచ్చుకల్లాంటి మామూలు పిట్టలు కూడా ఆ పతనంలో ఉన్నాయి. అదే అధ్యయనంలో బాతులు, హంసలు మాత్రం సగానికి పైగా పెరిగినట్టు తేలింది. ఏటా లక్షల సంఖ్యలో తుపాకులకు నేలరాలే జాతులే ఇలా పెరగడం వింతగా కనిపిస్తుంది. ఇందుకు కారణం వేటగాళ్ల దయాగుణం కాదు, వాళ్ల జేబు.

చికాగోకు నైరుతిగా సాగే ఇల్లినాయ్ నది కథ చూస్తే ఆ జేబు విలువ అర్థమవుతుంది. ఇరుపక్కలా మడుగులు, కయ్యలు, రెల్లు పొదలు ఉన్న ఆ నది ఒకప్పుడు వలస బాతులకు పెద్ద మజిలీ. అక్కడ కొట్టిన బాతులు రైలెక్కి చికాగో హోటళ్లకు చేరేవి. 1900లో చికాగో నగరం కాలువ తవ్వి తన మురుగును నగరాన్ని ఆనుకున్న సరస్సులోకి పోకుండా ఈ నదిలోకి మళ్లించింది. ఆపై రైతులు కరకట్టలు కట్టి, మోటార్లతో నీళ్లు తోడి, 1920ల నాటికి ముంపు మైదానంలో సగం దాకా పొలాలు చేసేశారు. మిగిలిన మడుగుల్లో పొలాల ఒండ్రు మేట వేసింది. ఆ మైదానంలోని థాంప్సన్ సరస్సు ఆ రోజుల్లోనే ఎండి మొక్కజొన్న చేనైంది.

దుమ్ము తుఫానుల కరవులో బాతులు బాగా తగ్గిపోయాక 1934లో ‘డక్ స్టాంపు’ చట్టం వచ్చింది. పదహారేళ్లు నిండిన ప్రతి బాతు వేటగాడూ ఏటా ఒక స్టాంపు కొనాలి. మొదటిది ఒక డాలరు, దాని మీద బొమ్మ గీసింది కార్టూనిస్టు డార్లింగ్. ఇప్పుడది 25 డాలర్లు. అందులో 98 శాతం చిత్తడి నేలల కొనుగోలుకూ కౌలుకూ పోతుంది. ఇప్పటిదాకా 60 లక్షల ఎకరాలకు పైగా దక్కింది. 1937లో తుపాకులు, తూటాల మీద పన్నును కూడా ఖజానాలో కలపకుండా వన్యప్రాణులకే కట్టబెట్టారు. ఆ ఏడే ‘డక్స్ అన్‌లిమిటెడ్’ పుట్టింది. అది వేటగాళ్లు పెట్టిన సంస్థ.

థాంప్సన్ సరస్సున్న ఎమిక్వాన్ భూమిని 2000లో ‘నేచర్ కన్సర్వెన్సీ’ అనే ప్రకృతి పరిరక్షణ సంస్థ యజమానుల దగ్గర కొన్నది. 2007లో మోటార్లు ఆపేసింది. నీళ్లు నిలిచాయి, ఎనభై ఏళ్లుగా మట్టిలో నిద్రపోయిన గింజలు మొలకెత్తాయి, పక్షులు తిరిగొచ్చాయి. అయితే కరకట్ట తెంచి నదిని లోపలికి రానిస్తే సరిపోదా అంటే, సరిపోదు. పడవల రాకపోకల కోసం ఆనకట్టలు నీటిమట్టాన్ని పట్టి ఉంచడంతో నదిలో ఇప్పుడు వేసవిలో నీరు సహజంగా తగ్గడం లేదు. బురద ఎండితేనే గడ్డి మొలుస్తుంది, గింజ పడుతుంది. శరత్కాలంలో దాని మీద మోకాలి లోతు నీళ్లు పెడితే బాతులకు విందు. నదితోపాటు ఒండ్రూ, చెరువు అడుగు తవ్వేసే కార్ప్ చేపలూ వస్తాయి. అందుకే తూములతో నీటిని దించుతూ ఎక్కిస్తూ ఉండాలి. పునరుద్ధరణ అంటే చేతులు కట్టుకుని కూర్చోవడం కాదు, ఏడాది పొడవునా కాపలా.

వేటగాడి పాపాలూ లెక్కలోకి రావాలి. వాళ్లు వదిలిన సీసం గుళ్లను బాతులు రాళ్లనుకుని మింగి విషంతో చచ్చేవి. ఇల్లినాయ్ శాస్త్రవేత్త ఫ్రాంక్ బెల్‌రోజ్ 1959లోనే దాన్ని లెక్కలతో చూపినా, నీటిపక్షుల వేటలో సీసాన్ని దేశమంతా నిషేధించడానికి 1991 దాకా పట్టింది. వేటగాళ్ల డబ్బుకు తనదైన చూపూ ఉంటుంది. బాతుకు పనికొచ్చే బురద మీదికి వెళ్లినంత తేలిగ్గా పచ్చిక బయలు మీదికి పోదు. పైగా స్టాంపు కొనేవాళ్లు 1970ల మొదట్లో 20 లక్షలకు పైగా ఉంటే ఇప్పుడు 15 లక్షల ప్రాంతంలో ఉన్నారు. 2023లో సుప్రీంకోర్టు చిత్తడి నేలల చట్టరక్షణను కుదించింది కూడా. సొంతంగా కొన్న భూమి మాత్రం ఆ తీర్పుతో చేజారదు. ఈ పద్ధతికున్న అసలు బలం అదే.

మన కొల్లేరు సరస్సుకు ఈ మార్గం కుదరదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇక్కడ వేటే నేరం, అలాగే ఉండాలి కూడా. కానీ పోలిక ఒకచోట పదునుగా తగులుతుంది. 1999లో +5 అడుగుల కాంటూరు (ఎత్తు గీత) దాకా అభయారణ్యం ప్రకటించినప్పుడు అందులో వేల ఎకరాల జిరాయితీ భూములున్నాయి. అమెరికాలో పొలం యజమానికి చెక్కు అందింది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’లో మనం చేపల చెరువుల గట్ల మీదికి పొక్లెయిన్లు పంపాం. గట్లు కొన్నాళ్లకు మళ్లీ లేచాయి. అభయారణ్యాన్ని +3కు కుదించాలని శాసనసభ తీర్మానం చేసింది. లంక గ్రామాల మత్స్యకారుడికి నీళ్లు నిండిన కొల్లేరు కంటే చేపల చెరువుల లీజు సొమ్మే నమ్మకంగా కనిపించడంలో ఆశ్చర్యం లేదు.

కొల్లేరు మీద లాభం తీసేది చేపల చెరువుల వ్యాపారమేనని అందరికీ తెలుసు. అమెరికాలో తూటా మీద పన్ను వేసినట్టే ఇక్కడ చేప మేత, రొయ్య మేత మీద చిన్న సెస్సు వేసి, ఆ నిధితో జిరాయితీ భూములు మార్కెట్ ధరకు కొనవచ్చు, కొల్లేరు నీటిని సముద్రానికి చేర్చే ఉప్పుటేరు పూడిక తీయవచ్చు, నీరు నిలిపినందుకు లంక గ్రామాలకు ఏటా చెల్లించవచ్చు. మేత కంపెనీలు ఒప్పుకోవు అనేది నిజమే. అయితే అంతకంటే పెద్ద అడ్డంకి ప్రభుత్వమే. అమెరికా 1937 చట్టం అక్కడి రాష్ట్రాలకు ఒక షరతు పెట్టింది: వేట లైసెన్సు రుసుములను మరో ఖర్చుకు మళ్లిస్తే కేంద్రం వాటా రాదు. ఏ సెస్సునైనా ఖజానాలో కలిపేసుకోవడం అలవాటైన మన ఆర్థిక శాఖలు అలాంటి కంచెకు ఒప్పుకోవాలంటే అది ప్రభుత్వ ఉత్తర్వుతో కాక చట్టంతోనే రావాలి.