అంతస్తుల సాకెట్టు

కంప్యూటరు ముందున్న తెరను చూచువారే కాని, దాని వీపు తిప్పి చూచువారు మనలో బహుకొలది. రాయికోడు పఠనమందిరమందలి యంత్రమునకు గడచిన వర్షకాలమున జబ్బు చేసినప్పుడు మేమును మొదటిసారి దాని వెనుకభాగమును పరికించితిమి. రెండు యు.ఎస్.బి. సాకెట్టులు ఒకదానిపై నొకటి నిలిచియున్నవి. వానిపై నెట్‌వర్కు తీగ దూర్చు సాకెట్టు మూడవ అంతస్తువలె కూర్చున్నది. అట్టడుగు సాకెట్టులోని నాలుక విరిగినది. జహీరాబాదునుండి వచ్చిన మరమ్మతుపనివాడు దానిని చూచి, “వకీలుసాబ్, ఈ మూడూ ఒక్కటే ముక్క. కిందిది మార్చాలంటె మొత్తం ఊడదీయాలె. మాల్ బయటి దేశంనుంచి రావాలె” అనెను. ఈ కడపటిమాట మమ్ము ఆలోచనలో పడవేసినది.

సర్క్యూట్ బోర్డున అన్నిటికన్న వెలగల స్థలము దాని అంచు. బయటి తీగలు వచ్చి తగులవలసినది అచ్చటనే. 1984లో వెలువడిన ఐ.బి.ఎం. ఏ.టి. యంత్రపు ప్రధానబోర్డున వెనుకవైపు కీబోర్డునకు మాత్రమే సాకెట్టుండెను. ప్రింటరు మొదలగు వానికి వేరువేరు కార్డులు గ్రుచ్చెడివారు. 1995లో ఇంటెల్ సంస్థ ఏ.టి.ఎక్స్. అను కొలతలను ప్రకటించి, పెట్టె వెనుక సుమారు 159 మిల్లీమీటర్ల వెడల్పును, 44 మిల్లీమీటర్ల ఎత్తును గల కిటికీ నొకదానిని నిర్ణయించెను. నాటినుండి మౌసు సాకెట్టు కీబోర్డు సాకెట్టు నెక్కినది. ఇరువదియైదు పిన్నుల ప్రింటరు సాకెట్టు క్రింద తొమ్మిదేసి పిన్నుల సాకెట్టులు రెండు తలదాచుకొన్నవి. స్థలము చాలని పట్టణవాసి మేడ కట్టుకొనుటవంటిదే యిది. లాప్‌టాపులందు మెమొరీ పలకల సాకెట్టులను హెచ్చుతగ్గు ఎత్తులతో చేసి, ఒక పలకపై మరియొకటి పరుండునట్లు అమర్చుటయు ఈ విద్యయే.

మేడయే కదా, కట్టవచ్చునని తోచును. కాని ఈ మేడకు పైయంతస్తునుండి క్రిందికి దిగు తీగ లన్నియు క్రిందియింటి వెనుకగోడ వెంబడిని వంగి దిగవలెను. కనుక పై సాకెట్టు పిన్నులు పొడవగును. పొడవైన పిన్ను ప్రక్కదానితో గుసగుసలాడును. ఒక తీగలోని సంకేతము రెండవదానిలోనికి చొరబడును. 2008లో ప్రకటింపబడిన యు.ఎస్.బి. 3.0 పద్ధతిలో ఒక బిట్టుకు దొరకు కాలము సెకనులో 500 కోట్లవ భాగము. ఆ వ్యవధిలో సంకేతము ప్లాస్టిక్కు నడుమ నడచు దూరము ఇంచుమించు మూడు సెంటీమీటర్లు. జంటతీగలలో ఒకటి వంపుచోట ఒక్క మిల్లీమీటరు హెచ్చు నడచినను లెక్కకు వచ్చును. ఇది విద్యుత్తు సంగతి. బలము సంగతి వేరు. పై సాకెట్టులో ప్లగ్గును త్రోయునప్పుడును లాగునప్పుడును ఆ త్రోపు గునపపు పిడిపై పడినట్లు మొదలును పెకలింపజూచును. అందుచే చుట్టును లోహపు తొడుగు వేసి, దాని కాళ్ళను బోర్డులో దూర్చి సీసము పోయుదురు. నేడు సీసమని వాడుకయే కాని, అందు చాలవరకు తగరమే. ఆ అతుకువేడి సుమారు 250 డిగ్రీలు. ఆ వేడికి ప్లాస్టిక్కు గూడు వెంట్రుకవాసి వంగినను పిన్నులు రంధ్రములలో దిగవు. ఇక లోపలి రేకు ఫాస్ఫర్ కంచుతో చేసి, నికెలు పూసి, తాకుచోట బంగారు పూత వేయవలెను. సాధారణ యు.ఎస్.బి. సాకెట్టు కనీసము 1,500 మారులు ప్లగ్గు దూర్చి తీసినను చెడరాదని నియమము. కొలది రూపాయల వస్తువున ఇంత చదువున్నది.

ఈ చదువు కాగితముపై గీతలోను, రేకును కత్తిరించు డైలోను, ప్లాస్టిక్కు పోయు అచ్చులోను దాగియున్నది. డై ఎవరిదో కొలత వారిది. మన పనివాడు క్రొత్త పరికర మొకటి చేయదలచి, రెండు మిల్లీమీటర్లు పొట్టి సాకెట్టు కావలెననిన ఆ కొద్ది సరకునకై డై కోయువారుండరు. దొరకిన సాకెట్టుకు తగినట్లు తన పెట్టెనే పెంచుకొనవలెను. కొనిన ధర తక్కువయే. కాని మన వస్తువు ఆకారమును పరులు నిర్ణయించుచున్నారు. దేశమున కనెక్టరు కర్మాగారములు లేకపోలేదు. పూణె, బెంగుళూరులందు కలవు, అందు పేరుగన్నవి విదేశసంస్థల శాఖలు.

మనకు చేతకాదని యెవరైన ననిన మేము అంగీకరింపము. పశ్చిమగోదావరి మోగల్లువాసి అయ్యగారి సాంబశివరావుగారు తీర్చిదిద్దిన ఇ.సి.ఐ.ఎల్. హైదరాబాదున 1967లో వెలసినది, టి.డి.సి.–12 అను కంప్యూటరు 1969 నాటిది. అచ్చులు, డైలు చేయుట నేర్పు కేంద్ర టూల్ డిజైను సంస్థ బాలానగరమున 1968లోనే పుట్టినది. కంప్యూటరు చేసినవారును, డై కోయ నేర్పినవారును ఒకే నగరమున నుండిరి. చిప్పు రూపకల్పన యనిన నేడు మన యువకులకు గౌరవము. సాకెట్టు రూపకల్పన యనిన కమ్మరిపని యని చిన్నచూపు. ఈ చిన్నచూపే మన దోషము.

ఇప్పుడు సమయము వచ్చినది. ఎలెక్ట్రానిక్ విడిభాగముల తయారీకై కేంద్రప్రభుత్వము 2025 మార్చిలో 22,919 కోట్ల రూపాయల పథకము నంగీకరించినది; కనెక్టర్ల జాతి వస్తువులును అందు చేరినవి. జహీరాబాదు పారిశ్రామిక నగరమునకు 2024 ఆగస్టులో అనుమతి లభించినది. ఆ భూములు మా పొరుగు ఝరాసంగము, న్యాల్‌కల్ మండలములవి. భూసేకరణకై వెలువడిన 123వ జీవోను, ఆ నేలపై కూలిచేసి బ్రతుకువారి వ్యాజ్యమున, 2016 ఆగస్టులో ఉన్నత న్యాయస్థానపు ఏకసభ్య ధర్మాసనము కొట్టివేసిన సంగతి చదువరులకు జ్ఞాపకముండును. పిమ్మటనే కూలీల పునరావాసమునకు వేరు ఉత్తరువులు వచ్చినవి. భూమి లేని కూలికి భూమి ధర అందదు. వాని బిడ్డకు ద్వారముకడ కావలికోలయు, వరుసలో నిలిచి పరదేశపు సాకెట్టును బోర్డులో గ్రుచ్చు పనియు మాత్రమే ఇచ్చుట న్యాయము కాదు. ఆ నగరమున మొట్టమొదట కట్టవలసినది డైలు కోయు శాల; అందు మొదటి పీటలు ఆ కూలీల బిడ్డలవి కావలెను.

మరియొక కోరిక కలదు. క్రిందియంతస్తు చెడిన మేడ నంతయు కూల్చు ఈ పద్ధతిని మన శాల అనుసరింపనక్కరలేదు. ఏ అంతస్తున కాయంతస్తు విడదీయదగిన సాకెట్టును గీయవచ్చును. అతుకులు పెరిగినకొలది వదులగుననియు, సంకేతము చెడుననియు ఇంజనీర్లు అందురు. వారి మాట నిజమే. అతివేగపు సాకెట్టులకు అది కుదరకపోవచ్చును. పల్లెబడులలోని యంత్రములకు ఆ వేగము అక్కరలేదు; మరమ్మతు అక్కర.

ఈ కోరికలను అర్జీగా వ్రాసి, చెడిన ఆ యంత్రము ప్రక్కనే బల్లపై నుంచితిమి. సరియని తోచినవారు చేవ్రాలు చేయుదురుగాక. కాదనువారు కారణము వ్రాసి పంపిన ఈ పుటలోనే ప్రకటింతుము.