కాలేజీ బోర్డు కాదు, గుర్తింపు చూడండి

ఇంటర్ రిజల్ట్స్ వచ్చాయంటే చాలు, పొద్దున పేపరు విప్పగానే కరపత్రాలు జారిపడతాయి. ఫోను మోగుతూనే ఉంటుంది. "మేడమ్, మీ పాపకి సీటుంది. ఈ రోజే కడితే ఫీజు తగ్గిస్తాం" అని తియ్యగా మాట్లాడతారు. మగవాళ్లు ఆఫీసు హడావుడిలో ఉంటారు. పిల్లలకేమో బిల్డింగు, బస్సు, స్నేహితులు కనిపిస్తాయి. మరి గుర్తింపు సంగతి అడిగేదెవరు? మనమే అడగాలి. చింతపండు కొన్నా ఓ రెబ్బ నోట్లో వేసుకుని చూస్తాం. బంగారం కొంటే హాల్‌మార్క్ వెతుకుతాం. లక్షలు పోసే చదువు దగ్గర నోరు మూసుకోవడం ఎందుకు చెప్పండి?

మా వీధిలో ఒకావిడ గాజులు అమ్మి కూతుర్ని నర్సింగ్‌లో చేర్చింది. మూడేళ్లయ్యాక నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు రిజిస్టర్ చేయించబోతే, ఆ సంస్థకి అనుమతే లేదన్నారు. రిజిస్ట్రేషన్ లేనిదే ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం ఇవ్వరు. "డబ్బు పోతే పోయింది వదినా, పిల్ల మూడేళ్లు ఎవరు తిరిగిస్తారు?" అని ఆవిడ ఏడుస్తుంటే నాకు మాట రాలేదు. అందుకే ఈ వారం వంటింటి కబుర్లు పక్కన పెట్టి ఈ సంగతి రాస్తున్నాను. ఫీజు కట్టేముందు మూడు ప్రశ్నలు అడగండి.

మొదటిది: డిగ్రీ ఇచ్చేది ఎవరు? 1956 నాటి యూజీసీ చట్టం ప్రకారం పార్లమెంటో, రాష్ట్ర శాసనసభో చట్టం చేసి పెట్టిన యూనివర్సిటీలు, కేంద్రం డీమ్డ్ హోదా ఇచ్చినవి, పార్లమెంటు ప్రత్యేకంగా అధికారమిచ్చిన సంస్థలు మాత్రమే డిగ్రీ ఇవ్వాలి. కాలేజీ అయితే ఉస్మానియాకో, ఆంధ్రా యూనివర్సిటీకో, జేఎన్‌టీయూకో, మరో అసలైన యూనివర్సిటీకో అనుబంధంగా ఉండాలి. "మాది గవర్నమెంటు రిజిస్టర్డ్ సంస్థ, ఐఎస్‌ఓ సర్టిఫికెట్ ఉంది" అంటే మోసపోకండి. మన పేట మహిళా మండలి కూడా రిజిస్టరు అయిందే! డిగ్రీలు ఇస్తుందా?

నకిలీ యూనివర్సిటీల జాబితాను యూజీసీయే ప్రకటిస్తూ ఉంటుంది. 2023 ఆగస్టు జాబితాలో 20 పేర్లుంటే అందులో రెండు ఆంధ్రప్రదేశ్‌వే, ఒకటి గుంటూరు, ఒకటి విశాఖ చిరునామాతో. అయితే ఒక్క మాట. నకిలీ జాబితాలో పేరు లేదు కదా అని నిశ్చింతగా ఉండకూడదు. నిన్న పుట్టిన దొంగ సంస్థ ఆ జాబితాకి ఇంకా ఎక్కి ఉండదు. అసలైన వాటి జాబితాలో పేరు ఉందా అన్నదే చూడాలి.

రెండోది: ఈ కోర్సుకి అనుమతి ఎవరిచ్చారు? యూనివర్సిటీ మంచిదైనా కోర్సుకి అనుమతి వేరేగా కావాలి. ఇంజనీరింగు, ఎంబీఏలకి ఏఐసీటీఈ, బీఈడీకి ఎన్‌సీటీఈ, ఫార్మసీకి ఫార్మసీ కౌన్సిల్, లా కోర్సుకి బార్ కౌన్సిల్. 2024-25 నుంచి బీబీఏ, బీసీఏలు కూడా ఏఐసీటీఈ కిందకి వచ్చాయి.

మూడోది: ఆ అనుమతి ఈ సంవత్సరానికి ఉందా? గోడకి ఫ్రేము కట్టిన ఉత్తరం ఏ ఏడాదిదో దగ్గరకెళ్లి చదవండి. అలాగే నాక్ గ్రేడు వేరు, అనుమతి వేరు. నాక్ నాణ్యతను చూసి గ్రేడు ఇస్తుంది, దానికీ గడువుంటుంది. 2025 ఫిబ్రవరిలో నాక్ తనిఖీకి వెళ్లిన బృందంలోని వారినే లంచం కేసులో సీబీఐ అరెస్టు చేసింది. కాబట్టి గ్రేడు ఒక్కటే చూసి సంబరపడకండి. అక్కడ చదువుతున్న పిల్లల్ని గేటు దగ్గర పలకరించండి, క్లాసులు జరుగుతున్నాయో లేదో వాళ్లే చెబుతారు.

ఇంట్లో ఉండి చదువుదామనుకునే మనలాంటి వాళ్లకీ ఓ మాట. దూరవిద్య అంతా మోసం కాదు. 1982లో మొదలైన మన అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలో చదివి పైకొచ్చిన ఇల్లాళ్లు ఎందరో. కానీ ఏ యూనివర్సిటీ ఏ కోర్సుని దూరవిద్యలో చెప్పవచ్చో యూజీసీ జాబితాలో ముందు చూసుకోవాలి. అనుమతి లేకుండా దూరవిద్యలో ఇచ్చిన ఇంజనీరింగు డిగ్రీల మీద 2017 నవంబరులో సుప్రీంకోర్టు తీర్పుతో ఎందరి ఉద్యోగాలో గందరగోళంలో పడ్డాయి. ఇక "వన్ సిట్టింగ్‌లో డిగ్రీ" అన్న ప్రకటన కనిపిస్తే ఆమడ దూరం పారిపోండి. ఆ కాగితం చూపించి ఉద్యోగంలో చేరితే కేసవుతుంది.

అమెరికా మోజు ఉన్న ఇళ్లవాళ్లు 2011 జనవరిని గుర్తు చేసుకోండి. కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ యూనివర్సిటీ మూతపడినప్పుడు అందులో ఎక్కువమంది మన తెలుగు పిల్లలే. కొందరి కాళ్లకి నిఘా పట్టీలు కట్టారు. సగానికి పైగా పిల్లలు ఒకే అపార్ట్‌మెంటులో ఉంటున్నట్టు రికార్డుల్లో రాశారట! నడిపినావిడకి 2014లో పదహారేళ్లకి పైగా జైలు పడింది. వీసా కాగితం వచ్చినంత మాత్రాన కాలేజీకి గుర్తింపు ఉన్నట్టు కాదు. అమెరికా విద్యాశాఖ వెబ్‌సైట్‌లో గుర్తింపు ఉన్న కాలేజీల పేర్లుంటాయి, చూడండి. క్లాసులకి రానక్కర్లేదు అన్నారంటే అది ఏ దేశంలోనైనా చదువు కాదు, బేరం.

ఈ జాబితాలన్నీ పిల్లల ఫోన్లోనే దొరుకుతాయి. కాలేజీవాళ్లు పంపిన లింకు కాకుండా యూజీసీ, ఏఐసీటీఈల సొంత వెబ్‌సైట్లు తెరిపించండి. అనుమానం తీరకపోతే యూనివర్సిటీ రిజిస్ట్రారుకి ఉత్తరం రాయండి. ఫీజు కాలేజీ ఖాతాకే కట్టి రసీదు తీసుకోండి, ఏజెంటు చేతిలో పెట్టకండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు సరిచూసి తిరిగి ఇచ్చేయాలని యూజీసీ 2018లో చెప్పింది. "మా దగ్గరే ఉంటాయి" అంటే ఒప్పుకోకండి.

"ఇంటరు చదివినదాన్ని, వాళ్లనేం అడుగుతాను" అని బిడియపడకండి. అడిగితే విసుక్కునే కాలేజీ మనకి వద్దు. పైన పటారం, లోన లొటారం చదువులకి పిల్లల వయసు ధారపోయకూడదు. చేతులు కాలాక ఆకులు పట్టుకునేకంటే, చెక్కు మీద సంతకం పెట్టేముందే నాలుగు మాటలు అడగడం మేలు కదూ!